గోవా దాటిన నినాదం, గోవాలోనే ఆగిన షరతులు

మానసిక వైద్య రంగంలో గత పాతికేళ్లుగా బాగా ప్రచారంలోకి వచ్చిన వాదన ఒకటుంది. కుంగుబాటు, ఆందోళన వంటి జబ్బులకు ప్రతిచోటా సైకియాట్రిస్టే చికిత్స చేయాలని లేదు, సరైన తర్ఫీదు ఇస్తే వైద్యం చదవని మామూలు మనిషి కూడా ఆ పని చేయగలడు అన్నది దాని సారం. అంతర్జాతీయ నివేదికల్లోనైనా, ప్రభుత్వ విధాన పత్రాల్లోనైనా, స్వచ్ఛంద సంస్థల ప్రణాళికల్లోనైనా ఈ వాదన వినిపించిన చోట తరచుగా ఒక పేరు వినిపిస్తుంది: విక్రమ్ పటేల్. ముంబయిలో వైద్యం చదివి, ఆక్స్‌ఫర్డ్‌లోనూ లండన్‌లోనూ పై చదువులు చదివి, జింబాబ్వేలో పరిశోధన చేసి, 1996లో గోవాలో సహచరులతో కలిసి 'సంగాత్' సంస్థను నెలకొల్పి, తర్వాత హార్వర్డ్‌లో ఆచార్యుడైన ఈయన రచనలు ఒక కొత్త అధ్యయన రంగానికే రూపం ఇచ్చాయి. అయితే ఆయన పేరు మీద తిరుగుతున్న వాదననూ, ఆయన ప్రచురించిన పత్రాలనూ పక్కపక్కన పెట్టి చదివితే రెండింటికీ మధ్య గణనీయమైన దూరం కనిపిస్తుంది. మామూలు మనుషులు చికిత్స చేయగలరని ఆ పత్రాలు చెప్పిన మాట నిజమే. కానీ ఎప్పుడు చేయగలరు, ఎవరి పర్యవేక్షణలో చేయగలరు, ఎక్కడ చేయలేకపోయారు అన్నవి కూడా అంతే స్పష్టంగా చెప్పాయి. లోకం మొదటి సగాన్ని అందుకుని రెండో సగాన్ని వదిలేసింది. నా దృష్టిలో ఆయన కృషిలో శాస్త్రీయంగా అత్యంత విలువైనది ఆ రెండో సగమే.

మొదలు హరారేలో ఉంది. 1990ల మొదట్లో పటేల్ జింబాబ్వే వెళ్లేనాటికి సాంస్కృతిక మనోవైద్యంలో ఆర్థర్ క్లైన్‌మన్ ప్రశ్న బలంగా నిలిచి ఉంది. ఒక సమాజంలో తయారైన రోగనిర్ణయ చట్రాన్ని మరో సమాజం మీద పరిచి, అక్కడా అదే జబ్బు దొరికిందని చెప్పుకోవడం తప్పు అని ఆయన 1977లోనే వాదించాడు. ఈ ప్రశ్నకు పటేల్ సిద్ధాంత చర్చతో కాక క్షేత్ర పరిశోధనతో సమాధానం వెతికారు. క్లినిక్కులకు, సంప్రదాయ వైద్యుల దగ్గరకు వచ్చే షోనా భాషీయులు తమ బాధను ఏ మాటల్లో చెప్పుకుంటున్నారో సేకరించి, ఆ మాటలతోనే ఒక ప్రశ్నావళి కూర్చారు. 'షోనా సింప్టమ్ క్వశ్చనేర్' పేరుతో 1997లో వెలువడిన ఆ పత్రం గురించి ఈరోజు పెద్దగా ఎవరూ మాట్లాడరు. కానీ తర్వాతి కాలంలో డిక్సన్ చిబాండా హరారేలో 'ఫ్రెండ్‌షిప్ బెంచ్' పేరుతో, ఆరోగ్య కేంద్రాల ఆవరణలో బల్ల వేసి పెద్దవయసు మహిళలతో కౌన్సెలింగ్ ఇప్పించినప్పుడు, రోగి మెరుగుదలను కొలిచింది ఆ షోనా ప్రశ్నావళితోనే. 573 మందితో చేసిన ఆ పరీక్ష ఫలితం 2016లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. అకడమిక్ ప్రభావం అంటే ఏమిటో చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచదు. ఒక ఊళ్లో, ఆ ఊరివాళ్ల మాటలతో తయారైన పనిముట్టు, అదే ఊళ్లో మరొక తరం పరిశోధకుడి చేతికి అందింది.

ఆ తర్వాత గోవా. ఇక్కడే చాలామంది తేలిగ్గా దాటేసే పత్రం ఉంది. 2003లో లాన్సెట్‌లో వచ్చిన ఆ పరీక్షలో జిల్లా ఆసుపత్రుల ఓపీలకు వచ్చిన 450 మందిని మూడు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గానికి ఫ్లూయాక్సెటిన్ మాత్ర, రెండో వర్గానికి మందు లేని ఉత్తుత్తి మాత్ర, మూడో వర్గానికి మాటలతో చేసే మానసిక చికిత్స. రెండు నెలలకు మందు వాడినవారు ఉత్తుత్తి మాత్ర వాడినవారికన్నా మెరుగుపడ్డారు. మానసిక చికిత్స మాత్రం ఉత్తుత్తి మాత్రకన్నా మేలని తేలలేదు. మామూలు మనుషుల చేత కౌన్సెలింగ్ ఇప్పించాలని తర్వాత ప్రపంచమంతా ప్రచారం చేసిన పరిశోధకుడి తొలి పెద్ద పరీక్షలోనే కౌన్సెలింగ్ ఓడిపోయింది. దాన్ని మరుగున పెట్టకుండా ప్రపంచంలోనే పేరున్న వైద్య పత్రికలో ప్రకటించడం ఒక ఎత్తు, ఆ ఓటమిని ప్రశ్నగా మార్చుకుని తర్వాతి పదిహేనేళ్ల పనిని దాని చుట్టూ అల్లుకోవడం మరొక ఎత్తు. ఆ ఏడాదే ఆయన 'వేర్ దేర్ ఈజ్ నో సైకియాట్రిస్ట్' పుస్తకం కూడా వచ్చింది. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ పుణ్యమా అని తెలుగువారికి పరిచయమైన డేవిడ్ వెర్నర్ వైద్య పుస్తకం కోవలోనే, సైకియాట్రిస్టు లేని చోట ఆరోగ్య కార్యకర్త ఏం చేయాలో సులువైన మాటల్లో చెప్పే పుస్తకం అది. ఒకే సంవత్సరంలో వచ్చిన ఈ రెండు రచనల్లో ఒకటి ఆశను, రెండోది ఆ ఆశకు ఎదురైన అడ్డంకిని చెబుతాయి. పుస్తకం ఎన్నో దేశాల శిక్షణ శిబిరాలకు చేరింది. పత్రంలోని అడ్డంకి అంతగా చేరలేదు.

2010లో వచ్చిన 'మానస్' పరీక్ష ఈ రంగంలో మైలురాయి. గోవాలోని 24 వైద్య కేంద్రాల్లో, సగం ప్రభుత్వానివి, సగం ప్రైవేటువి, 2,796 మందితో దాన్ని నడిపారు. ఆరోగ్య రంగంలో పూర్వానుభవం లేని కౌన్సెలర్‌కు రెండు నెలల తర్ఫీదు ఇచ్చి డాక్టరు పక్కన కూర్చోబెట్టారు. అవసరమైనప్పుడు సైకియాట్రిస్టు వచ్చి చూసేవాడు. ఆరు నెలల తర్వాత ప్రభుత్వ కేంద్రాల్లో, నిర్ధారిత జబ్బు ఉన్నవారిలో 65.9 శాతం కోలుకున్నారు. కౌన్సెలర్ లేని కేంద్రాల్లో ఆ సంఖ్య 42.5 శాతం. ఉపన్యాసాల్లో ఈ రెండు అంకెలే వినిపిస్తాయి. ప్రైవేటు కేంద్రాల్లో కౌన్సెలర్ వల్ల తేడా ఏమీ రాలేదన్న ఫలితం కూడా అదే పత్రంలో ఉంది. ఎందుకని? తెలిసిన డాక్టరు రోగితో కాస్త తీరిగ్గా మాట్లాడే చోట కౌన్సెలర్ కొత్తగా చేర్చేది తక్కువనీ, గంటకు పదుల మందిని చూసి పంపించే ప్రభుత్వ ఓపీలో ఆ కౌన్సెలరే రోగి గోడు వినే తొలి మనిషి అవుతాడనీ నేను అర్థం చేసుకుంటాను. అదే నిజమైతే ఆ పరీక్ష కొలిచింది కౌన్సెలర్ నైపుణ్యాన్ని ఒక్కదాన్నే కాదు, ఆ వైద్య వ్యవస్థలోని లోటును కూడా. ఈ చిన్న తేడా విధానాలు రాసేవారికి ప్రాణప్రదమైనది. కౌన్సెలర్‌ను ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

2003 నాటి ఓటమికి పూర్తి సమాధానం 2017లో అచ్చయిన రెండు పరీక్షల్లో దొరికింది. మొదటిది తీవ్రమైన కుంగుబాటుకు చేసిన ఆరు నుంచి ఎనిమిది విడతల చికిత్స. రోగి వదిలేసిన రోజువారీ పనుల్లోకి, మనుషుల్లోకి తిరిగి అడుగు పెట్టేలా మెల్లగా నడిపించడం దాని పద్ధతి. గోవాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 495 మందితో చేసినప్పుడు మూడు నెలలకు 64 శాతం మంది జబ్బు నుంచి బయటపడ్డారు, మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 శాతం. రెండోది హానికరంగా తాగే పురుషుల కోసం చేసింది. 377 మందితో చేసిన ఆ పరీక్షలో కోలుకున్నవారు చికిత్స అందినవారిలో 36 శాతం, అందనివారిలో 26 శాతం, అంటే మేలు ఉంది గానీ చిన్నది. ఈ పరీక్షలకు ముందు ఆ బృందం ఏళ్ల తరబడి చేసిన సన్నాహం గురించి ఎవరూ తగినంత చెప్పరు. ఏ చికిత్సలో ఏ అంశం పనిచేస్తోందో విడదీసి చూశారు, స్థానిక కౌన్సెలర్లు, రోగులు చెప్పినదాన్ని బట్టి మార్చారు, చిన్నగా ప్రయోగించి మళ్లీ దిద్దారు. కౌన్సెలింగ్ విడతలను రికార్డు చేసి, కౌన్సెలర్లే క్రమం తప్పకుండా కలిసి కూర్చుని ఒకరి పనిని ఒకరు విని మార్కులు వేసుకునే ఏర్పాటు చేశారు. అలాంటి అంచనా నిపుణుల అంచనాకు దగ్గరగా ఉంటుందో లేదో కూడా విడిగా పరీక్షించారు. 2003లో ఓడిన మాటల చికిత్స కొత్త రూపంలో 2017లో గెలవడానికి కారణం, నా అంచనాలో, కౌన్సెలర్ చదువు తగ్గడమో పెరగడమో కాదు. ఆ కౌన్సెలర్‌కు అదొక్కటే ఉద్యోగం, నెల జీతం ఉంది, పని చూసి సరిదిద్దేవారు ఉన్నారు, కష్టమైన కేసు వస్తే పంపించడానికి పై డాక్టరు ఉన్నాడు.

ఎవరైనా సరే చేయగలరన్న ధీమాను బిహార్‌లో జరిగిన పాఠశాలల పరీక్ష ఇంకా గట్టిగా సవాలు చేసింది. పటేల్ బృందమే నిర్వహించి 2018లో ప్రకటించిన ఈ పరీక్షలో 74 ఉన్నత పాఠశాలలు పాల్గొన్నాయి. విద్యార్థుల మానసిక ఆరోగ్యం, బడి వాతావరణం మెరుగుపరిచే ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో ప్రత్యేకంగా నియమించిన సాధారణ కౌన్సెలర్ నడిపాడు, కొన్ని బడుల్లో అక్కడి ఉపాధ్యాయుడే నడిపాడు. కౌన్సెలర్ ఉన్న బడుల్లో కుంగుబాటు, వేధింపులు, హింస తగ్గాయి. ఉపాధ్యాయుడికి అప్పగించిన బడుల్లో ఏమీ మారలేదు. ఇద్దరూ మానసిక నిపుణులు కారు, ఇద్దరికీ తర్ఫీదు ఇచ్చారు. తేడా ఎక్కడంటే, ఒకరికి అది పని, మరొకరికి ఉన్న పని మీద వచ్చిపడ్డ అదనపు పని. పిల్లలు మార్కులకోసం భయపడే మనిషి దగ్గరే మనసు విప్పాల్సి రావడం కూడా ఒక కారణం కావచ్చు. ఇప్పటికే నిండిపోయిన చేతుల్లో మరో బాధ్యత పెట్టే ప్రతి ప్రభుత్వ ఉత్తర్వుకు ముందు చదవాల్సిన పత్రం ఇది.

ఇంత జాగ్రత్తగా రాసిన ఫలితాలు నినాదంగా ఎలా మారాయి? 2007లో లాన్సెట్ ప్రపంచ మానసిక ఆరోగ్యం మీద ఒక వ్యాస పరంపర వేసింది. పటేల్ అందులో ముఖ్యుడు. సేవలు విస్తరించాలన్న పిలుపుతో ముగిసిన ఆ పరంపర నుంచి ఒక అంతర్జాతీయ ఉద్యమమే పుట్టింది. 2018లో ఆయన, శేఖర్ సక్సేనా నాయకత్వంలో వచ్చిన లాన్సెట్ కమిషన్ నివేదిక ఆ ఉద్యమానికి విధాన భాషను ఇచ్చింది. పిలుపు ఇచ్చే రచనకు, ఫలితం చెప్పే రచనకు స్వభావంలోనే తేడా ఉంటుంది. పిలుపు ఇచ్చేటప్పుడు ప్రైవేటు కేంద్రాల్లో తేడా రాలేదన్న వాక్యానికి చోటు దొరకదు. పరిశోధన పత్రాల ఉల్లేఖన పద్ధతి కూడా దీనికి తోడవుతుంది. ఎవరో తన పత్రం మొదటి పేరాలో, నిపుణులు కానివారు చికిత్స చేయగలరని రుజువైంది అని రాసి గోవా పరీక్షను ఉదహరిస్తారు, తర్వాతివారు ఆ వాక్యాన్నే తీసుకుంటారు. ఉల్లేఖనల సంఖ్య పెరుగుతున్న కొద్దీ ఉల్లేఖించిన విషయం కుదించుకుపోతుంది. దీనికి పటేల్‌ను పూర్తిగా బాధ్యుణ్ని చేయడం న్యాయం కాదు. అయితే ఒకే వ్యక్తి పరిశోధకుడిగానూ ఉద్యమకారుడిగానూ ఉన్నప్పుడు రెండో గొంతు మొదటి గొంతును మింగేస్తుందన్న హెచ్చరిక ఆయన విషయంలో నిజమైంది.

ఇదే ఊపులో మరొక అన్యాయం కూడా జరిగింది. మామూలు ఆరోగ్య కార్యకర్తలతో మానసిక వైద్యం అందించాలన్న ఆలోచన భారతదేశంలో 1996లోనో 2007లోనో పుట్టలేదు. 1970ల్లోనే ఎన్.ఎన్. విగ్ హర్యానాలోని రాయ్‌పూర్ రాణిలో, బెంగళూరు నిమ్హాన్స్ బృందం దగ్గరలోని సాకల్వారాలో ఈ పని మొదలుపెట్టారు. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. ఆ దశాబ్దంలోనే ఆర్. శ్రీనివాసమూర్తి, సహచరులు బళ్లారి జిల్లాలో, తెలుగు మాట్లాడేవారు బాగా ఉన్న ఆ సరిహద్దు జిల్లాలో, మొత్తం జిల్లా స్థాయిలో ప్రయోగం చేశారు. 1996 నాటి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా ఆ బళ్లారి ప్రయోగమే. ఈ చరిత్రను తలుచుకోవడం పటేల్ గొప్పతనాన్ని తగ్గించడానికి కాదు. బళ్లారి నమూనా దేశమంతా వ్యాపించినప్పుడు పర్యవేక్షణ జారిపోయి, చాలా జిల్లాల్లో అది మందులు పంచే శిబిరంగా మిగిలింది. సుమీత్ జైన్, సుశ్రుత్ జాదవ్ 2009లో ఉత్తరప్రదేశ్ క్షేత్ర పరిశీలనతో రాసిన విమర్శ, సముదాయ మానసిక వైద్యం చివరకు మాత్ర చుట్టూ కుదించుకుపోయిన తీరును చూపించింది. అంటే ఈ దేశంలో షరతులు వదిలేసి నినాదాన్ని విస్తరిస్తే ఏమవుతుందో ఒకసారి ఇప్పటికే చూశాం. పటేల్ చేసిన కొత్త పని ఆలోచన కాదు, ఆ ఆలోచనను యాదృచ్ఛిక పరీక్షలకు పెట్టి ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ కూలుతుందో కొలవడం.

పటేల్ కృషి మీద మూల విమర్శ మరో వైపు నుంచి వచ్చింది. డెరెక్ సమ్మర్‌ఫీల్డ్ 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, చైనా మిల్స్ 2014 నాటి పుస్తకంలో లేవనెత్తిన అభ్యంతరం ఏమిటంటే, కుంగుబాటు అన్నదే పాశ్చాత్య సమాజపు చట్రం, దాన్ని పేద దేశాలకు ఎగుమతి చేయడమంటే బతుకు బాధలను జబ్బులుగా మార్చడమే, వెనకాలే మందుల మార్కెట్ వస్తుంది. ఈ విమర్శను తేలిగ్గా తీసిపారేయలేం. కుంగుబాటును కొలిచే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ పట్టికతో అంకె వేసి ఎవరు రోగో తేల్చే పద్ధతిలో ప్రమాదం నిజంగానే ఉంది. అప్పుల వల్ల నిద్రపట్టని రైతుకూ, కారణం లేకుండా నెలల తరబడి మంచం దిగలేని మనిషికీ ఆ పట్టికలో ఒకే మార్కు రావచ్చు. కానీ ఈ విమర్శకులు హరారే పత్రాన్ని చదవలేదనిపిస్తుంది. అక్కడి జనం చెప్పుకున్న మాటలతో మొదలుపెట్టినా చివరికి తేలిన బాధ ఇతర దేశాల్లో కనిపించే బాధకు చాలా దగ్గరగా ఉంది. మందుల మార్కెట్ సంగతికొస్తే, తీవ్ర కుంగుబాటుకు మాటలతో చేసే చికిత్స పనిచేస్తుందని రుజువు చేసిన గోవా పరీక్ష ఆ మార్కెట్‌కు అడ్డుపడేదే తప్ప దారి వేసేది కాదు.

పేదరికమే అసలు జబ్బు, కౌన్సెలింగ్ దానికి పూత మాత్రమే అన్నది రెండో అభ్యంతరం. దీనికి సమాధానం ఆయన రచనల్లోనే ఉంది. క్లైన్‌మన్‌తో కలిసి 2003లో రాసిన సమీక్షలో పేదరికానికీ మానసిక జబ్బులకూ ఉన్న సంబంధంలో ఆదాయం కన్నా చదువులేమి బలమైనదని చూపించారు, అభద్రత, నిరాశ వంటివి ఆ సంబంధాన్ని వివరించవచ్చన్నారు. 2020లో ఆర్థికవేత్తలతో కలిసి సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం పేదరికం కుంగుబాటుకూ, కుంగుబాటు పేదరికానికీ కారణమవుతాయని ఆధారాలతో వివరించింది. ఆత్మహత్యల మీద 2012లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం తెలుగువారు తప్పక చదవాల్సినది. 2010లో దేశంలో పదిహేనేళ్లు దాటినవారిలో సుమారు 1.87 లక్షల మంది ఆత్మహత్య చేసుకున్నారని అది లెక్కగట్టింది. పోలీసు లెక్కల్లో ఆ ఏడాది సంఖ్య 1.35 లక్షల దగ్గర ఆగింది. జనాభాలో 22 శాతమే ఉన్న నాలుగు దక్షిణాది రాష్ట్రాల్లో, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి, ఆత్మహత్యలు చేసుకున్న పురుషుల్లో 42 శాతం, మహిళల్లో 40 శాతం ఉన్నారు. అన్నిటికన్నా ఎక్కువగా వాడింది విషం, అందులో ప్రధానంగా పురుగుమందు. ఆ మందు అందుబాటును తగ్గించడం క్లినిక్కులో జరిగే పని కాదు. అందుకని క్లినిక్కు అక్కర్లేదని కూడా కాదు. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించి శిక్ష నుంచి కాపాడే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇలాంటి ఆలోచనల వాతావరణంలోనే వచ్చింది. అంతకుముందు జాతీయ మానసిక ఆరోగ్య విధానాన్ని రూపొందించిన బృందంలో పటేల్ సభ్యుడు.

మూడో అభ్యంతరం నా వాదనకే ఎదురవుతుంది, మూడింట్లో ఇదే బలమైనది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవారిలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది, సమస్యను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. లక్ష జనాభాకు ఒక సైకియాట్రిస్టు కూడా లేని దేశంలో పర్యవేక్షణ, జీతం, పై డాక్టరు అంటూ షరతులు పెడితే ఏళ్లు గడిచిపోతాయి, అంతవరకు జనం ఏం కావాలి? కొంచెమైనా అందనివ్వండి అంటారు. మానవత్వం ఉన్న వాదన ఇది. కానీ ఆధారాలు దీనికి అనుకూలంగా లేవు. బిహార్ ఉపాధ్యాయుల ఫలితం కొంచెం మేలు కాదు, ఏ తేడా లేకపోవడం. స్కిజోఫ్రేనియా రోగులకు ఇంటి దగ్గర సాధారణ కార్యకర్తల సేవ మీద 282 మందితో చేసి 2014లో ప్రకటించిన పరీక్షలో, సైకియాట్రిస్టు వైద్యం కొనసాగుతుండగా కూడా దక్కిన మెరుగుదల పరిమితమే. విదర్భ పల్లెల్లో చేసిన 'విశ్రామ్' కార్యక్రమంలో మాత్రం కుంగుబాటు ఉన్నవారిలో సేవలు అందుకున్నవారు 4.3 శాతం నుంచి 27.2 శాతానికి పెరిగారు. అక్కడ ఊరి కార్యకర్త, కౌన్సెలర్, సైకియాట్రిస్టు ఒకరికొకరు అంది ఉన్న మెట్ల వ్యవస్థ ఉంది. షరతులు ఆలస్యానికి సాకు కావు, ఖర్చులో ఒక పద్దు. తర్ఫీదుకు డబ్బు కేటాయించి పర్యవేక్షణకు కేటాయించని పథకం తర్ఫీదు డబ్బును కూడా వృథా చేస్తుంది.

తెలుగు నేల మీద ఈ చర్చకు ప్రత్యక్ష సంబంధం ఉంది. పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు పల్లబ్ మౌలిక్ ఆధ్వర్యంలో 'స్మార్ట్ మెంటల్ హెల్త్' ప్రయోగం చేశారు. ఆశా కార్యకర్త ట్యాబ్‌తో ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడుగుతుంది, సమస్య ఉన్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపిస్తుంది, అక్కడి డాక్టరుకు ఏం చేయాలో అదే సాఫ్ట్‌వేర్ సూచిస్తుంది, తర్వాత ఆశా మళ్లీ వెళ్లి చూసి వస్తుంది. హర్యానాను కూడా కలుపుకుని చేసిన పెద్ద పరీక్ష ఫలితం 2024లో వెలువడింది, కుంగుబాటు తగ్గింది. ఇక్కడ ఆశాకు అప్పగించిన పని గోవా కౌన్సెలర్ చేసిన పని కాదని గమనించాలి. ఆమె గుర్తిస్తుంది, పంపిస్తుంది, వెంట ఉంటుంది, చికిత్స డాక్టరుది. గర్భిణుల నమోదు నుంచి టీకాల వరకు ఎన్నో పనులు మోసే కార్యకర్తకు ఇంతవరకు అప్పగించడం సబబైన పరిధి అని నాకనిపిస్తుంది. ఆమె చేతే వారం వారం కౌన్సెలింగ్ కూడా ఇప్పిద్దామని ఎవరైనా ప్రతిపాదిస్తే, ముందు ఆమె పనుల్లో దేన్ని తీసేస్తారో చెప్పాలి. ఇంకొక లోటు ఉంది. పన్నెండు రాష్ట్రాల్లో జరిగిన ఆ 2015-16 సర్వేలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. దక్షిణాది ఆత్మహత్యల లెక్క ఇంత పెద్దదని 2012లోనే తెలిశాక కూడా మన రెండు రాష్ట్రాలకు అలాంటి సొంత లెక్క ఆ సర్వేలో దక్కలేదు. రాష్ట్ర స్థాయి కార్యక్రమం ఏదైనా మొదలుపెట్టే ముందు ఆ లెక్క కావాలి, మొదలుపెట్టాక ప్రతి మండలంలో కౌన్సెలర్ పనిని ఎవరు విని దిద్దుతున్నారో చెప్పే లెక్క కావాలి. గోవా బృందం తన పరీక్షల్లో ఈ రెండో లెక్క రాసి పెట్టుకుంది. దాన్ని అడిగి తెప్పించుకునే ఆరోగ్య శాఖ ఇంకా కనిపించడం లేదు.